పాత బ్యాటరీలను ఇంటినుండి భద్రముగ సాగనంపుట

టార్చి లైటులో వెలుతురు మందగించిన సెల్లును మన పల్లెలలో ఎవ్వరును వెంటనే పారవేయరు. దానిని తీసి గోడ గడియారమున వేయుదురు. టార్చికి చాలని ఆ సెల్లే గడియారమును నెలల తరబడి నడపుచుండును. ఇది పిల్లలకు గూడ తెలిసిన సంగతియే. అయినను దీనియందు ఇమిడియున్న ముఖ్య విషయమును మనము గమనించుట లేదు. పనికి చాలక పక్కన పెట్టిన బ్యాటరీ చచ్చినది కాదు. దానిలో కొంత శక్తి మిగిలియే యుండును. ఆ శక్తి యంతయు ఉడిగిపోయినను, లోపలి ఆమ్లము, క్షారము, లోహములు ఎక్కడికిని పోవు. కావున పాత బ్యాటరీని చెత్తగా నెంచక, ఇంకను మేలుకొనియున్న వస్తువుగా నెంచి, దానిని తిరిగి లోహముగ మార్చు కర్మాగారమునకు చేరువరకు ఎట్లు కాపాడవలెనో ఈ సంచికలో సభ్యులకు వివరింపదలచితిమి.

ఒకప్పుడు రైతింట బ్యాటరీ యన్న టార్చి, రేడియో, ఈ రెంటితో సరి. నేడు ఒక్కసారి ఇల్లంతయు కలయజూచి లెక్కింపుడు. గడియారమున నొకటి, టెలివిజను మీటలపెట్టెలో రెండు, పిల్లల ఆటవస్తువులలో గుండీవంటి చిన్న బిళ్లలు, ప్రతి ఫోనులో నొకటి, చార్జింగు టార్చిలో నొకటి, వీపున తగిలించుకొని మందు కొట్టు పంపులో నొకటి, ట్రాక్టరునకు పెద్దది, కరెంటు పోయినప్పుడు దీపములు వెలిగించు ఇన్వర్టరునకు అంతకంటె పెద్దది, అడవిపందులు రాకుండ చేనిచుట్టు కట్టిన సౌర కంచెకు మరొకటి. ఇవన్నియు బ్యాటరీలే యైనను ఒక్క జాతివి కావు. టార్చి సెల్లులో తుత్తునాగము, మాంగనీసు ఉండును. ఫోనులోనిది లిథియము బ్యాటరీ. ట్రాక్టరు, ఇన్వర్టరు బ్యాటరీలలో తరచుగ నుండునది సీసము, గంధకామ్లము. చవకగ దొరకు చార్జింగు టార్చీలు అనేకములలో గూడ చిన్న సీసపు బ్యాటరీయే యుండును. జాతి వేరైనప్పుడు అపాయమును వేరు, జాగ్రత్తయును వేరు.

మొదట టార్చి సెల్లు సంగతి. 1866లో లెక్లాంషే అను ఫ్రెంచి ఇంజనీరు కనిపెట్టిన ఘటమే దీనికి మూలము. తుత్తునాగపు గిన్నెయే దీనికి ఋణధ్రువము. నడుమ నల్లని మాంగనీసు పొడి, ఆ పొడి నడుమ బొగ్గు కడ్డీ, గిన్నెకును పొడికిని మధ్య నవాసాగరము వంటి లవణముతో తడిసిన పొర. సెల్లు పనిచేయుచున్నంతకాలము తుత్తునాగపు గిన్నె కొంచెము కొంచెముగ తినివేయబడుచుండును. అందుచేతనే పాతబడిన సెల్లు చెమర్చి, టార్చి లోపల తుప్పు పట్టించును. గిన్నెయే చిల్లు పడిన పిమ్మట లోపలి ద్రవము బయటికి రాక యేమగును?

ఇట్టి సెల్లులు మన యిండ్లనుండి ఎచ్చటికి పోవుచున్నవి? ఎక్కువగ పెంటదిబ్బకే. ఊడ్చిన చెత్తతో బాటు దిబ్బలో పడి, వేసవిలో బండి కెక్కి, ఎరువుతో గూడ పొలము చేరుచున్నవి. ఇచ్చట తెలివిగల రైతు ఒక ప్రశ్న వేయవచ్చును. వరికి జింకు లోపము వచ్చినప్పుడు ఎకరమునకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయుమని వ్యవసాయ శాఖవారే చెప్పుచున్నారు గదా, జింకు అనగా తుత్తునాగమే గదా, సెల్లు పొలములో పడిన నష్టమేమి? ప్రశ్న న్యాయమైనదే. జింకు సల్ఫేటు నీట కరగి చేనంతట సమానముగ పరచుకొను లవణము. సెల్లులోని తుత్తునాగము ఒకచోట ముద్దగ పడియుండును. దానితో బాటు ఇనుప తొడుగు వచ్చును, అది చీలి దుక్కిలో కాలికి గ్రుచ్చుకొనును. పాత రకపు సెల్లులలో తుత్తునాగమునకు సాగుగుణము వచ్చుటకై సీసమును, కొన్నిట కాడ్మియమును కొద్దిగ కలిపెడివారు. ఈ రెండును పైరుకు ఏ విధమునను అక్కరలేనివి, నేలలో చేరిన తిరిగి పోనివి. ఒక్క సెల్లుతో పొలము చెడునని మేము చెప్పము. ఊరంతయు ఏటేట దిబ్బలో వేయుచున్న సెల్లుల మాట చెప్పుచున్నాము.

మరికొన్ని అలవాట్లు కలవు. బలము తగ్గిన సెల్లులను ఎండలో పెట్టుట మొదటిది. వేడికి కొంచెము చురుకు వచ్చినట్లు కనిపించును గాని, కొత్త శక్తి రాదు, కారుట మాత్రము త్వరపడును. పిల్లలు సెల్లును రాతితో పగులగొట్టి బొగ్గు కడ్డీ తీసికొనుట రెండవది. ఆ నల్లపొడి చేతులకు, గోళ్లలోనికి, అటనుండి నోటిలోనికి పోవును. అన్నిటికంటె చెడ్డది, భోగినాడు పాత చీపురులు, విరిగిన తట్టలతో బాటు పాత బ్యాటరీలను మంటలో వేయుట. మూతి బిగించిన డబ్బాను నిప్పులో వేసిన ఎట్లు పేలునో సెల్లును అట్లే పేలగలదు. మంట చుట్టు నిలిచియుండు వారిలో చిన్నపిల్లలే అధికము.

ఇక సెల్లులను కూడబెట్టు విధము. దీనియందు మేము చేసిన పొరపాటునే ముందుగ చెప్పుకొందుము. మా కార్యాలయపు అరలో ఒక రేకు డబ్బా యుంచి, వాడిన సెల్లులన్నియు అందులో పడవేయుచుంటిమి. అందే పాత మేకులు, తాళపుచెవులును ఉండెడివి. ఒకనాడు డబ్బా ముట్టుకొన్న గుమాస్తా చేయి వెనుకకు తీసికొనెను. అది అన్నము గిన్నెవలె వేడెక్కి యుండెను. చూడగా, చదరపు తొమ్మిది వోల్టుల బ్యాటరీ యొకటి తాళపుచెవిపై బోర్లపడి యుండెను. ఆ జాతి బ్యాటరీకి ధన ఋణ ధ్రువములు రెండును ఒకే వైపున, వ్రేలెడు దూరమైనను లేకుండ ఉండును. నడుమ ఇనుము అడ్డుపడిన వెంటనే దీపము గుండ పోవలసిన విద్యుత్తంతయు ఆ యినుము గుండ ఒక్కపెట్టున పరుగెత్తి వేడిగ మారును. కాగితము, దూది, గడ్డి దగ్గరనున్న అంటుకొనును. ఆ అరలోనే సభ్యుల ఋణపత్రములు ఉండెను.

ఆనాటి నుండి మేము పాటించుచున్న పద్ధతి యిది. పాత సెల్లు తీసిన వెంటనే, బొడిపె యున్న ధనధ్రువముపై కరెంటు పనివారు వాడు టేపు ముక్క నొకటి అంటింతుము. మార్గము ఒకచోట తెగిన విద్యుత్తు పారదు గనుక టార్చి సెల్లునకు ఒక్క కొన మూసిన చాలును. తొమ్మిది వోల్టుల దానికి మాత్రము రెండు ధ్రువములును మూయవలెను. టేపు చుట్టునప్పుడు పైనున్న పేరు, జాతి కప్పబడకుండ చూడవలెను. ఏలయన కర్మాగారమున వాటిని వేరుచేయువారు ఆ వ్రాతను చదివియే యిది ఏ జాతిదో తెలిసికొందురు. పిమ్మట మూతగల ప్లాస్టికు డబ్బాలో పొడిచోట ఉంచవలెను. రేకు డబ్బా కూడదు. పొయ్యిదగ్గర, గడ్డివాము దగ్గర, పురుగుమందుల గదిలో ఉంచరాదు. పాత సెల్లును కొత్త సెల్లుతో జతపరచి వాడరాదు. బలవంతమైనది బలహీనమైన దానిని త్రోసి కారునట్లు చేయును.

కారిన సెల్లు కనబడిన వట్టి చేతితో పట్టరాదు. ఆల్కలైను అని వ్రాసియుండు సెల్లులలో పొటాసియము హైడ్రాక్సైడు అను తీవ్రమైన క్షారము ఉండును. బయటికి వచ్చి తెల్లని పొక్కువలె గట్టిపడునది దానినుండి పుట్టినదే. చేతికి ప్లాస్టికు సంచి తొడిగికొని సెల్లును తీసి, వేరొక సంచిలో వేసి ముడివేయవలెను. టార్చిలో మిగిలిన తెల్లని పొడిని నిమ్మరసముతో తడిపిన గుడ్డతో తుడిచిన, ఆమ్లము క్షారమును అణచును. చేతులు సబ్బుతో కడుగుకొనవలెను.

గుండీ బిళ్లలను గురించి తల్లులకు ప్రత్యేకముగ మనవి చేయుచున్నాము. మెరయుచుండు ఈ చిన్న బిళ్ల పిల్లలకు పిప్పరమెంటువలె కనబడును. మింగిన బిళ్ల గొంతు దిగువ ఆహారనాళమున నిలిచిన, అచ్చటి తడిగుండ విద్యుత్తు పారి తీవ్రమైన క్షారము పుట్టును. రెండు గంటలలోనే లోపలి కండ కాలి చిల్లుపడు ప్రమాదము కలదు. వాడినదని, గడియారము నడపుట లేదని ఉపేక్షింపరాదు. పాత బిళ్లకు గూడ ఈ శక్తి యుండును. పిల్ల మింగెనని యనుమానము కలిగినను వాంతి చేయింపక వెంటనే ఎక్సురే గల ఆసుపత్రికి కొనిపోవలెను. ఏడాది నిండి, మ్రింగగలిగిన పిల్లకు దారిలో పది నిమిషముల కొకసారి రెండు చిన్న చెంచాల తేనె, ఆరు పర్యాయములకు మించకుండ ఇచ్చిన, ఆ కాలుడును కొంత నెమ్మదింపజేయునని వైద్యులు చెప్పుచున్నారు. ఏడాది నిండని పసివారికి తేనె ఈయరాదు. తేనె కొఱకు ఎదురుచూచి ప్రయాణము ఆలస్యము చేయనేరాదు. వాడిన బిళ్లను ఆటవస్తువునుండి తీసిన క్షణముననే రెండు టేపు పట్టెల నడుమ, అప్పడము అద్దినట్లు, అంటించి పిల్లలకు అందని అటకపై పెట్టవలెను.

ఫోనులోని లిథియము బ్యాటరీ తక్కువ బరువులో ఎక్కువ శక్తిని దాచుకొనునది. 1991లో ఈ జాతి బ్యాటరీలు విపణిలోనికి వచ్చెను. నేడు మందు కొట్టు పంపులలోను, విద్యుత్తుతో నడచు బండ్లలోను ఇవియే ప్రవేశించుచున్నవి. దీని లోపల సన్నని పొరలు చుట్టచుట్టబడి, వాటినడుమ మండు స్వభావముగల ద్రవము ఉండును. గ్రుచ్చినను, వంచినను, నలిపినను పొరలు తాకుకొని లోపలనే వేడి పుట్టి, ఆ వేడి మరింత వేడిని పుట్టించును. బూరెవలె ఉబ్బిన బ్యాటరీ చెడిపోయి లోపల వాయువు పుట్టినదని తెలిసికొనవలెను. అట్టి దానిని తిరిగి చార్జి చేయరాదు, నొక్కి ఫోనులో దూర్చరాదు, సూదితో గ్రుచ్చి గాలి తీయరాదు. ఒక మట్టి బానలో పొడి యిసుక పోసి, అందు పూడ్చి, ఇంటికి, కొట్టమునకు, వామికి దూరముగ, వాన తగులని చోట ఉంచవలెను. ఊడివచ్చు బ్యాటరీ మంచి స్థితిలో నున్న, దాని లోహపు పట్టెలపై టేపు అంటింపవలెను. ఊడిరాని ఫోనును విప్పక యథాతథముగ అప్పగింపవలెను. ఎక్కడనైన మండుట ప్రారంభించిన, ఆ పొగ విషపూరితము గాన మనుష్యులు ముందు దూరముగ తొలగవలెను.

ఇంతవరకు చెప్పినవి చిన్న వస్తువులు. రైతునకు నిజమైన నష్టము కలిగింపజాలునది సీసపు బ్యాటరీ. 1859లో ప్లాంటె అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీనిని కనిపెట్టెను. పండ్రెండు వోల్టుల పెట్టెలో ఆరు గదులు, ప్రతి గదిలో సీసపు పలకలు, వాటిని ముంచుచు నీరు కలిపిన గంధకామ్లము. పెట్టె బరువులో సగమునకు పైగా సీసమే. పగిలిన పాత బ్యాటరీ కొట్టము వెనుక పడియుండుట అనేక గ్రామములలో చూచుచున్నాము. పశువులకు క్రొత్త వస్తువును నాకు స్వభావము కలదు. సీసపు లవణములు కొంచెము తీయగ నుండును. ఆవు, దూడ ఆ పలకలను, వాటినుండి రాలిన బూడిదరంగు మట్టిని నాకును. సీసము కడుపులో నిలిచి రక్తములో కలియును. పశువునకు చూపు పోవును, పండ్లు కొరుకును, నడక తూలును, గోడకు తల ఆనించి నిలుచును, కండరములు అదరును, మూర్ఛలు వచ్చి ఒకటి రెండు దినములలోనే చచ్చుటయు కలదు. దూడలు మరింత సుకుమారములు. పాము కరచెననియో, చేతబడి యనియో తలచు మరణములలో కొన్ని ఇట్టివి కావచ్చునని పశువైద్యుని అడుగుట మంచిది. చావక బ్రతికిన పశువు పాలలోనికిని సీసము దిగును.

మనుష్యుల మాట యింతకంటె కఠినమైనది. పాత బ్యాటరీలను ఇంటివద్ద పగులగొట్టి సీసము కరగించుట లోకమున చాల చోట్ల జరుగుచున్నది. మనవైపు గూడ వలకు గుండ్లు పోసికొనుటకు కొందరు దీనిని కరగింతురు. సీసము 327 డిగ్రీల వేడికే కరగును గాన కట్టెల పొయ్యి చాలును. అదియే దాని మోసము. దీని ఫలమెట్టిదో చెప్పుటకు ఒక దూరదేశపు నిదర్శనము చాలును. ఆఫ్రికా ఖండమున సెనెగల్ దేశపు రాజధాని డాకర్ చేరువ తియరోయ్ సుర్ మేర్ అను పేట కలదు. అచ్చట చాలకాలము బ్యాటరీలు పగులగొట్టిన నేలను త్రవ్వి, మట్టిని జల్లించి సీసము ఏరుట ప్రారంభించిరి. 2007 నవంబరు మొదలు 2008 మార్చి లోపల ఆ పేటలో పదునెనిమిది మంది పిల్లలు మరణించిరి. వారి తోబుట్టువుల, తల్లుల రక్తములలో సీసము మిక్కిలిగ కనబడెను. పిల్లల రక్తములో ఇంతవరకు సీసముండిన భయము లేదని చెప్పదగిన మితి యేదియు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. చావని పిల్లలకును బుద్ధి మాంద్యము కలుగును, అది తరువాత తీరదు.

కాబట్టి సీసపు బ్యాటరీ విషయమున నియమము ఒక్కటే. అది మన యింటికి ఎట్లు వచ్చెనో అట్లే, పగులక, ఒలుకక, పోవలెను. తూకమునకు కొనువాడు ఆమ్లమును నేలపై పారబోసి తెమ్మనిన వినరాదు. ఆ ఆమ్లములో సీసము కరగియుండును, అది బావికి చేరును. ట్రాక్టరునుండి తీయునప్పుడు ముందుగ ఋణధ్రువపు తీగను, పిమ్మట ధనధ్రువపు తీగను ఊడదీయవలెను. అనేక ట్రాక్టరులలో ఋణధ్రువము ఇనుప చట్రమునకు కలిపియుండును. ధనధ్రువమును ముందు విప్పుచుండగా పానా చట్రమునకు తగిలిన పెద్ద నిప్పురవ్వ లేచును, బ్యాటరీనుండి వచ్చు వాయువు అంటుకొని పెట్టె పేలవచ్చును. బీడీ, దీపము దగ్గర ఉండరాదు. తీసిన పిమ్మట రెండు ధ్రువములకు టేపు చుట్టి, నిలువుగనే ఉంచి, ప్లాస్టికు తొట్టిలో పెట్టి, బరువైనది గాన ఇద్దరు పట్టి మోయవలెను. ఆమ్లము ఒలికిన వంటసోడా గాని సున్నము గాని చల్లవలెను. ఒంటిపై పడిన చోట మాత్రము ఇవి పూయక, తడిసిన బట్ట విప్పి ఇరువది నిమిషములు ధారాళముగ నీరు పోయవలెను. కంటిలో పడిన అట్లే కడిగి ఆసుపత్రికి పోవలెను.

ఇట్లు కాపాడిన వస్తువు చేరవలసిన చోటు కలదు. మన దేశమున 2001లో చేసిన నిబంధనలు సీసపు బ్యాటరీలకే వర్తించుచుండెను. 2022 ఆగస్టు మాసమున వచ్చిన బ్యాటరీ వ్యర్థముల నిర్వహణ నిబంధనలు అన్ని జాతులకును వర్తించును. వాటి ప్రకారము తయారుచేసి అమ్మిన కంపెనీయే పాతవానిని సేకరింపించి మరల లోహముగ మార్పించు బాధ్యత వహింపవలెను. వాడినవాడు దానిని ఇతర చెత్తతో కలుపక, సేకరించువారికో మరమ్మతు, పునర్వినియోగము చేయువారికో అప్పగింపవలెను. చక్రముల చెత్తతొట్టిపై రెండు గీతలు అడ్డముగ కొట్టిన గుర్తు బ్యాటరీపై నుండుటకు ఇదియే యర్థము. యథావిధిగ నడచు కర్మాగారమున సీసపు పెట్టెను యంత్రముతో మూతవేసిన గదిలో పగులగొట్టి నీట వేయుదురు. ప్లాస్టికు తేలును, సీసము మునుగును. ఆమ్లమును శుద్ధిచేయుదురు, సీసమును కొలిమిలో కరగించి క్రొత్త పలకలు పోయుదురు. లిథియము బ్యాటరీలనుండి నల్లని పొడి తీసి, దానినుండి నికెలు, కోబాల్టు, లిథియములను వేరుచేయుదురు. మన వినుకొండ దగ్గర బండ్లమోటు కొండలో ఒకప్పుడు సీసము కొఱకు గని త్రవ్విరి. కొండ త్రవ్వి తీసిన సీసమునకును, పాత పెట్టెనుండి సరిగ కరగించి తీసిన సీసమునకును గుణములో భేదము లేదు.

చిక్కు ఒక్కటే. ఒక్క యింట నాలుగు సెల్లులు, ఒక ఫోను బ్యాటరీ యున్న ఏ కర్మాగారపువాడును బండి పంపడు. లీటరు పాలకు పట్టణమునుండి ఎవ్వడును రాడుగాని, పాల సంఘము ఇంటింటి పాలు కలిపినప్పుడు ట్యాంకరు వచ్చుచున్నది. ఇదియు అట్టిదే. సంఘ కార్యాలయమున మూడు పాత్రలుంచిన చాలును. టార్చి సెల్లులకు, బిళ్లలకు మూతగల ప్లాస్టికు డబ్బా, లిథియమునకు ఇసుక బాన, సీసపు పెట్టెలకు నీడన సిమెంటు అరుగుపై తొట్టి. ఉబ్బినదానిని తెచ్చువారు జేబులో వేసికొనక ఇసుకతోనే తేవలెను. గుమాస్తా తీసికొనునప్పుడు టేపు ఉన్నదా యని చూచి, సీసపు పెట్టెలను తూచి, సభ్యుని పేర వ్రాసి రసీదు ఈయవలెను. ఏలయన సీసమునకు ధర కలదు, ఆ ధర తెచ్చిన సభ్యునికి చెందవలెను. సెల్లులకు ధర రాదు, ఆ సంగతి ముందే చెప్పవలెను. రెండు మూడు మాసములకు మించి నిలువ ఉంచక, కాలుష్య నియంత్రణ మండలివద్ద నమోదైన సేకరణదారునికే అప్పగించి, అతని నమోదు సంఖ్యను మన పుస్తకమున వ్రాసికొనవలెను. నమోదు పత్రము చూపని కొనుగోలుదారుడు ఎక్కువ ధర యిచ్చెదననిన, ఆ పెట్టె ఏ పేటలోని పిల్లల ముంగిట పగులనున్నదో పాలకవర్గము అడిగి తెలిసికొనవలెను.